కార్లు లేని దారిలో ఆరు రోజులు

నలభై రెండేళ్లు వచ్చేదాకా నాకు సైకిల్ తొక్కడం రాదు. చిన్నప్పుడు తెనాలిలో ఎవరూ నేర్పలేదు, పెద్దయ్యాక సిగ్గుపడి నేర్చుకోలేదు. మిల్టన్‌లో కొత్త టౌన్‌హౌస్‌లోకి దిగిన మొదటి వేసవిలో, మా అమ్మాయి సైకిల్ సీటు పట్టుకుని నేను వీధి పొడవునా పరిగెత్తుతుంటే ఎదురింటి గరాజ్‌లోంచి ఒకాయన చూస్తూ నిలబడేవాడు. మూడు రోజులు అలా చూశాడు. నాలుగో రోజు వీధి దాటి వచ్చాడు.

"ఏమప్పా, నీకొస్తాదా తొక్కేది?"

రాదన్నాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"మరి పాపకెట్ల నేర్పిస్తాండావు? రేపు పొద్దున ఆరింటికి రా. ముందు నువ్వు నేర్చుకో."

స్కూలు పార్కింగ్ లాట్‌లో పది రోజులు నా వెనక పరిగెత్తాడు. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దవాడు. ప్రొద్దుటూరు నుంచి మిషిగన్ వెళ్లి, అక్కడ పన్నెండేళ్లు ఉండి, గ్రీన్‌కార్డు వచ్చే దారి కనపడక సరిహద్దు దాటి ఇటు వచ్చాడు. పక్క ఊళ్లో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసేవాడు. వాళ్లమ్మాయికి వాంకూవర్‌లో ఉద్యోగం. ఇంట్లో ఆయన, ఆయన భార్య, అంటే నాకు వదిన. వదిన పుట్టి పెరిగింది హైదరాబాదులో. ఆయన మాట తీరు చూసి ముప్పై ఏళ్లయినా ఆవిడకి ఇంకా నవ్వొచ్చేది. నేను ఆయన్ని అన్నా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. పదకొండో రోజు నేను ఒంటరిగా ఆ పార్కింగ్ లాట్ చుట్టూ తిరిగి వచ్చి ఆయన ముందు బ్రేకు వేశాను. ఆయన నా భుజం తట్టి, "ఇంగ ఇంటికి పో. ఆఫీసుకు టైమైతాంది," అన్నాడు. అంతే.

తర్వాత ఆరేళ్లు, మంచు లేని ప్రతి శనివారం ఇద్దరం కలిసి తొక్కాం. ఆయనకి ఒకటే నియమం. కార్లు తిరిగే రోడ్డు మీద తొక్కడు. ఊరి బయట పాత రైలు కట్ట మీద కంకర పరిచిన ట్రెయిల్ ఒకటి ఉంది. అక్కడిదాకా సైకిళ్లు కారు వెనక తగిలించుకుని వెళ్లి, అక్కడ దించి తొక్కేవాళ్లం. అది నాకు వింతగా ఉండేది. ఇంటి ముందే రోడ్డు పెట్టుకుని ఇదేం తిప్పలన్నా అని ఒకసారి అడిగాను.

"దినమంతా కార్ల ముక్కలే జూస్తా. బంపర్లు, అద్దాలు, తలుపులు. అవి మనిషికి తగిల్తే ఏమైతాదో నాకు తెలుసప్పా," అన్నాడు.

స్పెయిన్ సంగతి ఆయన మొదట చలికాలంలో ఎత్తాడు. మంచు పడే నెలల్లో ఆయన బేస్‌మెంట్‌లో సైకిళ్లను స్టాండ్లకి బిగించుకుని ఉన్నచోటే తొక్కుతుండేవాళ్లం. ఎదురుగా గోడకి టీవీ. అందులో ఎవరో సైకిల్ ముందు కెమెరా పెట్టుకుని తీసిన వీడియోలు వేసేవాడు. దక్షిణ స్పెయిన్‌లో కొండల మధ్య, నది లోయ వెంబడి వెళ్లే దారి అది. నూరేళ్ల కిందట రైలు కోసం కట్ట వేశారు, సొరంగాలు తవ్వారు, లోయల మీద వంతెనలు కట్టారు, స్టేషన్లు కూడా కట్టారు. ఆ తర్వాత పని ఆగిపోయింది. ఆ దారిలో ఒక్క రైలూ నడవలేదు. ఇప్పుడు నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలేశారు.

"ఒక్క కారు గూడా రాదు. ఒక్కటి గూడా," అనేవాడు. చెమట కార్చుకుంటూ, టీవీలో ఆలివ్ చెట్లు వెనక్కి పోతుంటే, వచ్చే సొరంగం ఎన్నోదో ముందే చెప్పేవాడు. అవన్నీ ఆయనకి కంఠతా వచ్చు. మామూలు వాళ్లు రెండు మూడు రోజుల్లో పూర్తి చేస్తారట. మనం ఆరు రోజులు చేద్దాం, ఏ స్టేషన్ దగ్గర బుద్ధి పుడితే ఆ స్టేషన్ దగ్గర కూర్చుందాం అన్నాడు. రెండు చలికాలాలు అలా చూశాం. మూడో ఏడు మే నెలకి వెళ్దామని ఖాయం చేసుకున్నాం.

ఆ ముందు సెప్టెంబరులో ఒక శనివారం మా అమ్మాయికి ఈత పోటీ ఉంది. పదింటికల్లా ఇంటికి రావాలి. మేము ట్రెయిల్ మీద అనుకున్నదానికన్నా దూరం వెళ్లిపోయాం. వెనక్కి తిరిగేటప్పుడు, ట్రెయిల్ మీద చుట్టు తిరిగి రాకుండా కొండ దిగే రోడ్డు పట్టుకుంటే కారు పెట్టిన చోటుకి పావుగంట ముందు చేరతామని నేనే అన్నాను.

"వద్దప్పా. ఆ రోడ్డు మంచిది గాదు," అన్నాడు.

"పొద్దున్నే ఎవరుంటారన్నా? పావుగంట కలిసొస్తుంది. పాప ఎదురుచూస్తుంటుంది."

పాప మాట ఎత్తేసరికి ఆయన సైకిల్ అటు తిప్పాడు. ఎప్పుడూ ఆయన ముందు, నేను వెనక. ఆ రోజు నాకు తొందర కాబట్టి నేను ముందు. కొండ దిగుతుంటే చల్లగాలి మొహానికి కొడుతోంది. ఒక పికప్ ట్రక్కు నన్ను దాటి వెళ్లింది. నాకు అది చాలా దూరంగానే వెళ్లినట్టనిపించింది. దాని కుడివైపు అద్దం విరిగి తీగకి వేలాడుతోంది. అది చూశాకే, ఒక్క క్షణం ముందు వెనక ఏదో చప్పుడైన సంగతి నా తలకెక్కింది.

ట్రక్కు ఆగింది. నడిపినతను దిగి ఏడుస్తూ, ఎండ కళ్లలో పడింది, కనపడలేదు అంటూనే ఉన్నాడు. అన్న గడ్డిలో పక్కకి తిరిగి పడుకున్నట్టు ఉన్నాడు. హెల్మెట్ రెండుగా చీలింది. రక్తం పెద్దగా లేదు. అందుకని బానే ఉందనుకున్నాను. ఆ మాటే వదినకి ఫోన్లో చెప్పాను కూడా.

ఆసుపత్రిలో మూడో రోజు, ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చుని ఉండగా వదిన అడిగింది.

"ఆ రోడ్డు మీదకి ఎందుకెళ్లారు? ఆయన ఎప్పుడూ వెళ్లరు కదా."

"తొందరగా వెళ్దామనుకున్నాం," అన్నాను.

"ఆయనే అనుంటారు. ఒక్కసారి బుర్రలో పడితే ఇంక ఎవరి మాటా వినరు," అంది. 

నేను కాదనలేదు. అప్పుడు కాదనడానికి ఒక్క వాక్యం చాలు. ఆవిడ ఉన్న స్థితిలో ఇప్పుడెందుకు, తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఆవిడ ఆ మాట వాళ్లమ్మాయికి చెప్పింది, చుట్టాలకి చెప్పింది, డాక్టరుకి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నేను సరిదిద్దాల్సిన మనుషులు పెరిగిపోయారు.

ఆయన బతికాడు. డిసెంబరుకి ఇంటికి వచ్చాడు. నడుస్తాడు, తింటాడు, మనల్ని గుర్తుపడతాడు. పాత విషయాలు చాలావరకు ఉన్నాయి. కొత్తవి నిలవవు. పొద్దున చెప్పింది పది నిమిషాలకి ఉండదు. ఒక్కొక్కసారి ఊరికే కోపం వచ్చేది. కంచం తోసేసేవాడు. వదినని ఎవరో అనుకుని బయటికి పొమ్మనేవాడు. మెదడులో ఎక్కడ దెబ్బ తగిలిందో డాక్టరు బొమ్మ గీసి చూపించింది. మొదటి ఏడాదిలో రాగలిగింది వస్తుందని, ఆ తర్వాత పెద్దగా ఆశ పెట్టుకోవద్దని నెమ్మదిగా చెప్పింది.

వదిన ఉద్యోగం మానేసింది. ఆవిడకి ఆయన మీద ప్రేమ ఎంతో కోపమూ అంత. స్నానం చేయిస్తూ తిట్టేది. "మీరు వెళ్లిన దారికి నేను ఏం చేయను? చెప్పండి. ఎవరు వెళ్లమన్నారు?" అనేది. ఆయన నీళ్లు కారుతున్న మొహంతో, తప్పు చేసిన పిల్లాడిలా, "యాడికి పోయినా నేను?" అని అడిగేవాడు. నేను హాల్లో కూర్చుని ఆ మాటలు వినేవాడిని. ప్రతి శనివారం వెళ్లేవాడిని. సైకిల్ తొక్కే టైముకి వెళ్లి ఆయన దగ్గర కూర్చునేవాడిని, వదిన కూరగాయలకి వెళ్లి వచ్చేది.

ఏడాది దాటాక స్పెయిన్ వెళ్దామని అన్నది వదినే. బేస్‌మెంట్‌లో ఆ వీడియో పెడితే ఆయన కదలకుండా గంటసేపు చూస్తున్నాడట. సొరంగం రాబోతుంటే ముందే వేలు చూపిస్తున్నాడట. "ఆ దారి ఆయనకి ఇంకా తెలుసు. అక్కడికి తీసుకెళ్తే ఏదైనా అంటుకుంటుందేమో. మీరు తోడొస్తారా?" అని అడిగింది. ఆవిడ గొంతులో అంతకుముందు సంవత్సరంలో వినని ఉత్సాహం ఉంది. డాక్టరుని అడిగితే ప్రయాణం చేయొచ్చు, కానీ దాని వల్ల ఏదో జరుగుతుందని అనుకోవద్దు అంది. మేము మొదటి సగమే విన్నాం.

ఆ దారి మొదట్లో ఉన్న ఊళ్లో ముందు ఒకరు, వెనక ఒకరు కూర్చునే మూడు చక్రాల సైకిల్ అద్దెకి దొరికింది. ముందు నేను, వెనక ఆయన. వెనక కూర్చున్నవాళ్లు తొక్కినా తొక్కకపోయినా బండి పోతుంది. వదినకి బ్యాటరీ సైకిల్. మే నెల మొదటి వారం. ఎండ మెత్తగా ఉంది. రెండు పక్కలా కొండల మీద వరసలు వరసలుగా ఆలివ్ చెట్లు, కింద రాళ్ల మధ్య సన్నగా నది. వీడియోలో చూసినట్టే ఉంది. అచ్చం అలాగే ఉండటమే నాకు భరించలేనట్టుగా అనిపించింది.

మొదటి గంట ఆయన తొక్కాడు. వెనకనుంచి పెడల్ మీద ఆయన బరువు పడటం నా కాళ్లకి తెలుస్తోంది. నేను వెనక్కి తిరిగి, "అన్నా, వచ్చే సొరంగం ఎన్నోది?" అని అడిగాను.

"మూడోది," అన్నాడు వెంటనే.

అది మూడోదే. వదిన సైకిల్ ఆపి కళ్లు తుడుచుకుంది. "చూశారా? నేను చెప్పలేదూ?" అంది. అంత సంతోషం ఆవిడ మొహంలో నేను మళ్లీ చూడలేదు.

ఆ మూడో సొరంగంలోనే అంతా తిరగబడింది. లోపల మనుషులు కదిలితే వెలిగే దీపాలు. సగం దూరం వెళ్లాక అవి ఎందుకో ఆరిపోయాయి. చీకట్లో మా చక్రాల చప్పుడు గోడలకి తగిలి పెద్దగా, వెనకనుంచి ఏదో బండి వస్తున్నట్టు వినిపించింది. ఆయన అరవడం మొదలుపెట్టాడు. అలాంటి అరుపు నేను ఎప్పుడూ వినలేదు. కదులుతున్న సైకిల్ మీంచి దిగబోయి కింద పడ్డాడు. వదిన తన ఫోన్ వెలుగులో ఆయన్ని వెతికి పట్టుకుంటే, ఆవిడ చేతిని విదిలించి కొట్టాడు. గోడకి ఆనుకుని మోకాళ్లు దగ్గరికి లాక్కుని, "బండి వస్తాంది, బండి వస్తాంది," అంటూనే ఉన్నాడు.

"ఇక్కడ బండ్లు రావన్నా. ఒక్కటి కూడా రాదు," అన్నాను. ఆయన మాటే ఆయనకి చెప్పాను. వినలేదు. అటుగా వచ్చిన ఒక ముసలి జంట వాళ్ల దీపాలు వెలిగించి పట్టుకుంటే, ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాం.

ప్రమాదం జరిగిన రోజుది ఏదీ ఆయనకి గుర్తులేదని డాక్టర్లు మాకు చెప్పి ఉన్నారు. ఆ చప్పుడు మాత్రం ఎక్కడో ఉండిపోయింది. ఆ దారిలో సొరంగాలు ఇంకా ఇరవైకి పైనే ఉన్నాయి. తర్వాతి వాటన్నిటిలోనూ ముందు నేనొక్కడినే సైకిల్ తోసుకుంటూ వెళ్లి అవతల పెట్టి, నడిచి వెనక్కి వచ్చి, ఆయనకి చెవుల్లో దూది పెట్టి, కళ్లు మూసుకోమని చెప్పి నడిపించుకుపోయేవాడిని. రెండు రోజుల్లో అయ్యే దారికి ఆరు రోజులూ పట్టాయి. ఆయన అనుకున్నట్టు ఏ స్టేషన్ దగ్గరా తీరిగ్గా కూర్చోలేదు. పది నిమిషాలకొకసారి, "యాడికి పోతాండాం మనం?" అని అడిగేవాడు. స్పెయిన్ అని చెబితే, "నిజంగానా?" అని మొహం వెలిగిపోయేది. మళ్లీ పది నిమిషాలకి అదే ప్రశ్న, అదే వెలుగు. మొదటి రోజు నాకు ఆ వెలుగు ముచ్చటేసింది. నాలుగో రోజుకి అది చూడకుండా ముందుకి తిరిగే జవాబు చెప్పేవాడిని.

అయిదో రోజు మధ్యాహ్నం, ఒక పెద్ద రాతికొండ ఎదుట ఆగాం. ఆ కొండ మీద వందలకొద్దీ రాబందులు ఉంటాయి. వదిన నీళ్లు తేవడానికి వెనక వదిలి వచ్చిన స్టేషన్‌కి వెళ్లింది. మేమిద్దరమే బల్ల మీద కూర్చున్నాం. తల మీద రాబందులు రెక్కలు కదపకుండా తిరుగుతున్నాయి. ఆయన ప్రశాంతంగా ఉన్నాడు. చేతిలో రొట్టె ముక్క ఉంది.

"అన్నా, ఆ రోజు ఆ రోడ్డు మీదకి వెళ్దామన్నది నేను. నువ్వు వద్దన్నావు. నేను పాప పేరు చెప్పి తీసుకెళ్లాను," అన్నాను.

ఆయన నావైపు తిరిగి చూశాడు. అర్థమైందని నాకు తెలుస్తోంది. ఆయన మొహంలో మెల్లగా బాధ నిండటం చూశాను.

"ఎందుకప్పా అట్ల చేస్తివి?" అన్నాడు.

ఏడ్చాను. ఆయన రొట్టె బల్ల మీద పెట్టి, తన అరచేతిని నా వీపు మీద పెట్టాడు. పోనీలే అనలేదు. క్షమించానని అనలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆయన ఏదో అనబోతున్నట్టు పెదాలు కదిలించాడు. ఆ మాట కోసం నేను ఏడాదిన్నర నుంచీ కాచుకున్నట్టు అనిపించింది. ఇంతలో ఒక రాబందు కిందికి దిగి కొండ అంచున వాలింది. ఆయన అటు చూశాడు. మళ్లీ నావైపు తిరిగేసరికి మొహం ఖాళీగా ఉంది.

"ఏమైందప్పా, ఎందుకేడుస్తాండావు?"

మళ్లీ చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. చెబితే మళ్లీ కొత్తగా ఆ బాధ అంతా ఆయన పడాలి. కంట్లో దుమ్ము పడిందన్నాను. ఆయన దూరంగా వస్తున్న వదినని పిలిచి నీళ్లు అడిగి, నన్ను కళ్లు కడుక్కోమన్నాడు.

మిల్టన్ తిరిగొచ్చిన మర్నాడు వదిన ఫోటోలు చూపించింది. వంతెనలు, ఆలివ్ తోటలు, సైకిల్ మీద తను. ఆయన ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసి, "బాగుందే. మనం గూడా పోదాం ఒకసారి," అన్నాడు. వదిన ఫోన్ పక్కన పెట్టేసింది. ఆ తర్వాత ఆవిడ బేస్‌మెంట్ టీవీ పెట్టలేదు.

ఆ జూన్‌లో, ఒక శనివారం మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు, వంటింట్లో వదిన చిక్కుడుకాయలు ఒలుస్తుండగా ఆవిడకి చెప్పేశాను. ఎలా మొదలుపెట్టాలో చాలాసార్లు అనుకుని వెళ్లాను గానీ, అనుకున్నదేదీ రాలేదు. ఆ రోడ్డు నేనే అన్నాను వదినా, అన్న వద్దన్నాడు, అని మాత్రం అన్నాను.

ఆవిడ చేతులు ఆగాయి. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఇప్పుడెందుకు చెప్పారు నాకు?" అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "ఏడాదిన్నర నుంచి ఆయన్ని తిడుతూనే ఉన్నాను. తిట్టుకుంటూనే అన్నీ చేస్తున్నాను. ఆయన చేసుకున్నదే కదా అని. ఇప్పుడు ఆయన్ని ఏమని తిట్టను? రేపు పొద్దున్న ఆయనకి స్నానం ఎలా చేయించను?"

"వదినా..."

"మీరు వెళ్లండి. ఆయన లేచే టైమైంది."

తర్వాతి శనివారం వెళితే తలుపు తియ్యలేదు. లోపల టీవీ చప్పుడు వినిపిస్తోంది. ఇంకో రెండు శనివారాలు వెళ్లి, తర్వాత మానేశాను. వీధికి అటూ ఇటూ ఉన్న ఇళ్లు. రోజూ కిటికీ తెరలు కనపడేవి. అక్టోబరులో వాళ్ల గడ్డిలో అమ్మకానికని బోర్డు పెట్టారు. నవంబరులో వాళ్లమ్మాయి వచ్చి ఇద్దరినీ వాంకూవర్ తీసుకెళ్లిపోయింది. ఆ రోజు నేను నార్త్ యార్క్‌లో ఆఫీసులో ఉన్నాను. మా ఆవిడ ఫోన్ చేసి, వాళ్ల ఇంటి ముందు ట్రక్కు ఉంది, నువ్వు వస్తావా అని అడిగింది. మీటింగ్ ఉందన్నాను. మీటింగ్ లేదు.

పోయిన ఏడాది ఆఫీసు పని మీద వాంకూవర్ వెళ్లాను. వాళ్లమ్మాయికి మెసేజ్ పెడితే, 'యూ కెన్ కమ్ ఫర్ హాఫ్ ఎన్ అవర్' అని జవాబిచ్చింది. తొమ్మిదో అంతస్తులో అపార్ట్‌మెంట్. వదిన టీ ఇచ్చింది, బాగున్నారా అని అడిగింది, పాప ఏం చదువుతోందని అడిగింది, మళ్లీ వంటింట్లోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. బాగా చిక్కిపోయింది. ఇప్పుడు ఆయన్ని తిట్టడం లేదని వాళ్లమ్మాయి అంది. అసలు ఎక్కువ మాట్లాడటమే లేదని కూడా అంది.

ఆయన సోఫాలో కూర్చుని ఉన్నాడు. బరువు పెరిగాడు, తల నెరిసింది. లోపలికి రాగానే నాకు నమస్కారం పెట్టి, "కూచోండి సార్," అన్నాడు. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పాతవి కూడా కొంచెం కొంచెంగా పోతున్నాయట. నేనెవరో చెప్పాను. మిల్టన్, పార్కింగ్ లాట్, పది రోజులు. ఆయన మర్యాదగా తలూపుతూ విన్నాడు.

"మీది ఏ ఊరు సార్?" అని అడిగాడు.

"తెనాలి."

"మాది ప్రొద్దుటూరు," అన్నాడు. కాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూసి, మళ్లీ తిరిగి, "మీది ఏ ఊరన్నారు?" అని అడిగాడు.

తెనాలి అని చెప్పాను. వాళ్లమ్మాయి గడియారం చూసుకుంది. నేను టీ తాగేసి కప్పు వంటింటి గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టి, వస్తాను వదినా అన్నాను. లోపల కుళాయిలోంచి నీళ్లు పడుతున్నాయి. వినపడిందో లేదో తెలియదు. లిఫ్టులో కిందికి దిగి, వాన పడుతుంటే రైలు స్టేషన్‌కి నడుచుకుంటూ వెళ్లాను.